మేస్త్రి చుక్క

లిఫ్టు మేస్త్రి పిరికివాడు. ఈ మాట మొహమ్మీద అన్నా ఆయనకు కోపం రాదు. "భయం లేనివాడు బాగుచేసిన లిఫ్టు నేనెక్కను, మీరూ ఎక్కకండి" అంటాడు. కొండ మీది ఊరు కదా, జాగా తక్కువ. ఇళ్లు పక్కకు పెరగలేక పైకి పెరిగాయి. ముప్ఫయ్యేళ్లుగా ఆ భవనాల్లో ఇనప తాళ్లకు వేలాడే గదులకు నట్లు బిగిస్తున్నాడాయన. వాటిలో ఎక్కి దిగేవాళ్లకు ఆయన మొహం తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు, అదే ఆయన గొప్ప.

ఆ భయానికి ఆయన దగ్గర ఒక విరుగుడుంది. పసుపు చుక్క. ఏ నట్టయినా పూర్తిగా బిగించాక, అగ్గిపుల్లను పసుపు రంగులో ముంచి, సగం నట్టు మీద, సగం దాన్ని ఆనుకున్న ఇనుము మీద పడేలా ఒక చుక్క పెడతాడు. నట్టు వెంట్రుకవాసి వదులైనా చుక్క రెండుగా చీలి కనబడుతుంది. చుక్క ఉంటే బిగించినట్టు, లేకపోతే బిగించనట్టు. మధ్యలో ఇంకో మాట లేదు. చిన్నప్పుడు పని నేర్పిన పెద్ద మేస్త్రి పెట్టిన అలవాటిది. "బుర్ర అబద్ధమాడుతుందిరా, చుక్క ఆడదు" అనేవాడు ఆ పెద్దాయన. ఊళ్లో వాచ్‌మెన్లంతా మనవాణ్ణి చుక్కల మేస్త్రి అనే పిలుస్తారు. కొత్తగా విన్నవాళ్లు అది వేరే చుక్క అనుకుంటారు గాని, ఆయన టీ తప్ప తాగి ఎరగడు.

ఆ చుక్క అందం సంగతి మాత్రం అడక్కండి. పుల్ల కొస చిట్లి, రంగు కారి, ఒక్కో చుక్కకు రెండేసి తోకలు మొలుస్తాయి. పోనీ ఇంట్లో ఇంకెవరికీ కళ్లు లేవా అంటే, భార్య బోర్డులు రాసే మనిషాయె. ప్రింటు బోర్డులొచ్చి ఎందరి కుంచెలో ఎండబెట్టినా ఈవిడ కుంచె ఎండలేదు. నిచ్చెనెక్కి, ఎడమ చేత్తో డబ్బా పట్టుకుని, అడుగున్నర సున్నాను ఒక్క ఊపులో చుట్టేస్తుంది. పాతికేళ్ల కాపురంలో ఆవిడ చెయ్యి వణకగా ఆయన ఒక్కసారీ చూడలేదు.

"ఇది చుక్కా, కాకిరెట్టా?" అనేది ఆవిడ.

"పని చేస్తుందా లేదా, అది చెప్పు."

"కళ్లు మూసుకుంటే భేషుగ్గా చేస్తుంది."

వాళ్లకు ఒక్కతే కూతురు, చిట్టి. అసలు పేరొకటుంది గాని అది కాగితాలకే. మనిషి పొట్టి, నోరు గట్టి. కొండ కింది ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. కిందికి వెళ్లే బస్సులు రోజుకు రెండు, ఆ రెండూ డ్యూటీ వేళలకు కుదరవు. అప్పుడు పడింది ఆ పిల్ల కన్ను షెడ్డులో ఉన్న తాతగారి మోటార్‌సైకిలు మీద. తాతగారంటే తల్లి తండ్రి, ఆరడుగుల మనిషి. ఆయన పోయినప్పట్నుంచీ పదకొండేళ్లుగా ఆ బండి పాత బ్యానరు గుడ్డ కింద పడుకునే ఉంది. దాని మీద చిట్టి కూర్చుంటే రెండు కాళ్లూ గాల్లోనే.

"వద్దు" అన్నాడు మేస్త్రి. నాలుగు నెలలు అదే మాట మీదున్నాడు. కొండ దిగే దారికి పదకొండు మలుపులు. ఆరో మలుపు దగ్గర అడ్డగోడ కిందటి వానలకు కూలింది, ఇంతవరకూ కట్టిన నాథుడు లేడు. ఆ దారిన బస్సులో దిగినా కళ్లు మూసుకునే మనిషి ఆయన.

"సరే నాన్నా, ఎవరిదో పాత బండి చూసి కొనుక్కుంటాలే" అంది చిట్టి.

అక్కడ దొరికిపోయాడు. ఎవడు బిగించాడో, అసలు బిగించాడో లేదో తెలియని బండి మీద తన కూతురు ఆ మలుపులు తిరగాలా? వెళ్లడం ఎలాగూ ఆగనప్పుడు, తన చేత్తో బిగించిన బండి మీదే వెళ్లనీ. ఆ ఆదివారమే బ్యానరు గుడ్డ లాగేశాడు.

ఆర్నెల్లు పట్టింది. ఇంజను విప్పి చూస్తే లోపల ఎలకలు కాపురం పెట్టి ఖాళీ చేసిన ఆనవాళ్లు. పిస్టన్, రింగులు, బేరింగులు, అన్నీ కొత్తవి. వెనక చట్రం రెండంగుళాలు కోసి, మళ్లీ అతికించి, సీటును కిందికి దించాడు. పొట్టి షాకబ్జర్లు వేశాడు. తాతగారి హ్యాండిలు చిట్టి చేతులకు అందదు గనక ఇనప గొట్టం కొని, ఇసక పోసి, వేడి చేసి వెనక్కు వంచాడు. ట్యాంకు మాత్రం ఆయన ముట్టుకోలేదు. ఆ పని భార్యది. ముదురాకుపచ్చ వేసి, దాని మీద టేపు అంటించకుండా ఉత్త చేత్తో రెండు బంగారు గీతలు లాగింది. గీతల చివర ఒక పిచ్చుక. "మన పిల్లలాగే ఉంది, పిడికెడు" అని మురిసిపోయింది.

మధ్యలో ఒక తప్పు జరిగింది. ఆయన ఇంజను కింది బోల్టు బిగించి, చుక్క పెట్టి, వారం తర్వాత మళ్లీ అక్కడికొచ్చాడు. చుక్క ఉంది. కానీ బిగించినట్టు గుర్తు లేదు. అనుమానం పెనుభూతం కదా, ఇంకో పట్టు పట్టాడు. బోల్టు పుటుక్కున తెగి సగం లోపలే ఉండిపోయింది. ఆ ముక్క బయటికి తీయడానికి రెండ్రోజులు డ్రిల్లుతో తవ్వాడు. "వయసు మీద పడుతోంది, మతిమరుపు" అని భార్య నవ్వింది గాని ఆయన నవ్వలేదు. ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. గుర్తున్నా లేకపోయినా, చుక్క ఉన్న నట్టు జోలికి మళ్లీ వెళ్లకూడదు.

శనివారం మధ్యాహ్నానికి అంతా అయిపోయినట్టే. మిగిలినవి ఐదు. హ్యాండిలును పట్టి ఉంచే నాలుగు బోల్టులు, ముందు చక్రం ఇరుసు నట్టు. చిట్టి సీటు మీద కూర్చుని హ్యాండిలు అటూ ఇటూ జరిపించుకుంది. ఆయన వాటిని సగం బిగువులో ఆపాడు. రేపు పొద్దున ఇంకోసారి కూర్చోబెట్టి, చేతులు సరిగ్గా అందాయో లేదో చూసుకుని పూర్తిగా బిగిద్దామని లెక్క. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఒక అపార్ట్‌మెంటు లిఫ్టు నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ నడుమ ఆగిపోయిందట, లోపల ఒక ముసలావిడ ఉందట. స్పానరు అక్కడే పడేసి పరిగెత్తాడు. ముసలావిడను బయటికి తీసి, లిఫ్టు సరిచేసి ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ లేదు. నాలుగు మెతుకులు తిని పడుకున్నాడు.

ఆదివారం పొద్దున చిట్టి డ్యూటీకి తయారై, హెల్మెట్టు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. సీటెక్కింది. రెండు కాళ్లూ నేలకు ఆనాయి.

"హ్యాండిలు కుదిరిందా?"

"అచ్చం నా కొలతే నాన్నా. ఇంక కదపకు."

ఆయన స్పానరు అందుకుని వంగాడు. మామూలు స్పానరు కాదది, బిగువు కొలిచేది. సరిపడా బిగువు రాగానే చేతిలో టక్కుమంటుంది. నాలుగు బోల్టుల మీదా పసుపు కనబడింది. ఆగాడు. ఇరుసు నట్టు వైపు చూశాడు. అక్కడా పసుపే.

కళ్లద్దాలు పెట్టుకోలేదు. పసుపు ఉందో లేదో చూడ్డానికి అద్దాలెందుకు? నిన్న తను బిగించాడా? బిగించలేదనే బుర్ర చెబుతోంది. ఫోను రాగానే పరిగెత్తినట్టే గుర్తు. కానీ ఈ బుర్రే కదా పోయిన నెల బోల్టు తెగ్గొట్టింది! ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూనే బిగించేసి, చుక్క పెట్టేసి ఉంటాడు. చెయ్యి పని చేసుకుపోతుంటే మనసు ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? లోపల ఏదో గీరుకుంటూనే ఉంది. అయినా స్పానరు పక్కన పెట్టేశాడు.

వీధిలో రెండు చుట్లు తనే తిప్పి చూశాడు. చదును నేల మీద బండి వెన్నలా నడిచింది.

"పది కిలోమీటర్లకు ఒకసారి ఆపు. కొత్తగా బిగించిన ఇంజను, పది నిమిషాలు చల్లారనివ్వు."

"సరే."

"ఫోను..."

"బండి మీదుండగా ముట్టను. ఒట్టు వేయించుకున్నావుగా. ఇంకేమైనా ఉంటే చీటీ రాసివ్వు, దారిలో చదువుకుంటా."

కిక్కు కొట్టింది. పిచ్చుక ఎండలో ఒక్కసారి మెరిసి సందు మలుపు తిరిగిపోయింది. మేస్త్రికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. షెడ్డులోకి తిరిగొచ్చి, ఆర్నెల్లలో మొదటిసారి, చేయడానికేమీ లేక ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

పావుగంటకు భార్య టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"ముందువైపు ఎంత బాగుందో చూశారా? మీ కాకిరెట్టలు నా గీతల పక్కన పడితే ఏం కాను అని హడలిపోయాను. మీరు లిఫ్టు పనికి వెళ్లడం మంచిదైంది."

"ఏం మంచిదైంది?"

"మీరు బిగించి, చుక్కలు పెట్టే తీరిక లేక పరిగెత్తారుగా. వార్నీషు ఆఖరి పూత వేసేముందు నేనే పెట్టేశాను. సన్న కుంచెతో. ఐదూ ఐదు ముత్యాల్లా వచ్చాయి."

టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. పగిలిన చప్పుడు కూడా ఆయనకు వినబడలేదు.

"ఏ ఐదు?"

"హ్యాండిలు మీద నాలుగు, చక్రానికి ఒకటి. ఏమైందండీ? మీరు బిగిస్తుంటే నేను నా కళ్లతో చూశాను..."

"సగం!" అని అరిచాడు. అది ఆయన గొంతులా లేదు. "సగమే బిగించానే! నిన్నెవరు పెట్టమన్నారు? నిన్నెవరు పెట్టమన్నారే!"

ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. పాతికేళ్లుగా ఆ చుక్కకు అర్థం ఏమిటో ఆవిడకు తెలియనిది కాదు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆ అర్థమవడం ఆవిడ కళ్లలో చూశాక ఆయనకు ఇంకా భయమేసింది.

ఫోను చేశాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. బండి మీదుండగా ముట్టనని ఒట్టు. ఆ ఒట్టు వేయించుకున్న పుణ్యాత్ముడు ఎవరు? తనే. పిల్ల మాట తప్పేదైనా బాగుండునని ఏ తండ్రీ అనుకోకూడనిది అనుకున్నాడు.

భార్య స్కూటరు ఒక్కటే ఇంట్లో ఉన్న బండి. రంగు డబ్బాలు, కుంచెలు, గుడ్డలు దాని ముందు పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని దించే వ్యవధి లేదు. బిగువు స్పానరు పంట్లాం నడుములో దోపుకుని ఎక్కాడు. భార్య వెనక ఎక్కింది. తాళం వేశారో లేదో ఇద్దరికీ గుర్తు లేదు.

ఏం జరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. అదే ఆయన కర్మ. తెలియనివాడు దేవుడి మీద భారం వేసి ఊరుకుంటాడు, తెలిసినవాడికి ప్రతిదీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. చదును నేల మీద సగం బిగువు చాలు. దిగుడులో బ్రేకు వేసినప్పుడల్లా మనిషి బరువంతా మణికట్ల మీద పడుతుంది, మణికట్ల బరువు హ్యాండిలు మీద పడుతుంది. ఒక మలుపులో అది ఆగుతుంది. రెండో మలుపులో ఆగుతుంది. ఏదో ఒక మలుపులో, గట్టిగా బ్రేకు నొక్కాల్సిన చోట, హ్యాండిలు ముందుకు తిరిగిపోతుంది. బ్రేకు మీట వేళ్ల కింద ఉండదు. ఇరుసు నట్టయితే చెప్పా పెట్టకుండా, అదురుకు కొంచెం, అదురుకు కొంచెం వదులవుతూ ఉంటుంది.

మొదటి మలుపు. ఏమీ లేదు. రెండో మలుపు. ఏమీ లేదు. ఆయన ఎప్పుడూ స్కూటరును నడకకంటే కాస్త వేగంగా నడిపే మనిషి. ఇవాళ రంగు డబ్బాలు దడదడలాడుతుంటే గాలిని కోసుకుంటూ పోతున్నాడు. ముందు ఒక లారీ అడ్డమొచ్చింది. హారను కొట్టాడు. జరగలేదు. అవతల ఏమొస్తోందో కనబడని చోట దాన్ని దాటేశాడు. డ్రైవరు తిట్టిన తిట్టు మలుపు తిరిగేదాకా వినబడింది. వెనక భార్య వేళ్లు ఆయన భుజంలో దిగబడ్డాయి గాని నెమ్మదిగా వెళ్లమని అనలేదు.

మూడో మలుపు దాటగానే జనం. పది పదిహేనుమంది రోడ్డుకు అడ్డంగా గుమిగూడి ఉన్నారు. వాళ్ల కాళ్ల మధ్యనుంచి ఏదో ఆకుపచ్చగా కనబడింది.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. స్కూటరు ఎలా ఆపాడో తెలియదు. దాని మీదనుంచి దిగలేదు. భార్యే జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. ఆవిడ వీపు కనబడుతోంది. ఆవిడ అరుస్తుందని చెవులు రిక్కించి వింటున్నాడు. ఆవిడ అరవకుండా ఉన్న ప్రతి క్షణానికీ దణ్ణం పెడుతున్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపింది. ట్రాలీ ఆటో ఒకటి పక్కకు ఒరిగి, దాని మీది ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు రోడ్డు మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆకుపచ్చ మోటార్‌సైకిలు, తెల్ల హెల్మెట్టు చూశారా అని అడిగితే ఒకాయన, "ఆ పొట్టి అమ్మాయా? ఇందాకే పోయింది. బాగా తోలుతోంది" అన్నాడు. బాగా తోలుతోందట. నెమ్మదిగా తోలుతోందని చెప్పి ఉంటే వాడి నోట్లో చక్కెర పోసేవాడు.

నాలుగో మలుపు దగ్గర భార్య మొదటిసారి నోరు విప్పింది.

"నా చెయ్యి విరగ్గొట్టండి" అంది. ఏడవడం లేదు. మామూలుగా, అదొక చేయాల్సిన పని అన్నట్టు చెప్పింది.

ఆయన హారను కొడుతూ మలుపు తిప్పాడు. కోపం ఉంది. కానీ ఆ కోపం ఆవిడ దగ్గర నిలబడనంటోంది. సగం బిగించింది ఎవరు? పొద్దున స్పానరు పట్టుకుని వంగినవాడెవడు? బుర్ర వద్దు వద్దంటుంటే పసుపు రంగు చూసి మురిసి స్పానరు పక్కన పెట్టినవాడెవడు? ఒక్కసారి చేత్తో పట్టి చూస్తే ఏం పోయేది? అది సగం బిగువని ఆయన చేతికి తెలిసిపోయేది. ముప్ఫయ్యేళ్ల చెయ్యి అది. బోల్టు తెగుతుందన్న భయంతో దాన్ని నమ్మలేదు. ఎన్ని భయాలు పడ్డాడు జీవితంలో, సరిగ్గా పడాల్సిన చోట పడలేదు.

"పది కిలోమీటర్లకు ఆపమన్నాను" అన్నాడు. "ఆపితే ఏడో మలుపు దగ్గర ఆపుతుంది. పంక్చరు కొట్టుంది కదా, అక్కడికి పది."

"ఆపుతుందా?"

"ఏమో. ఎప్పుడు విన్నది గనక మన మాట."

కానీ ఏడుకంటే ముందు ఆరుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు.

ఆరో మలుపు వచ్చింది. కూలిన గోడ ఖాళీలో ఎర్రటి గుడ్డ కట్టిన కర్ర ఒకటి పాతారు, అదే రక్షణ. ఆయన స్కూటరు ఆపాడు. రోడ్డు మీద మట్టి చెదిరి ఉంది. ఏదో టైరు గీత అంచుదాకా వెళ్లి కనబడకుండా పోయింది. అది ఇవాళ్టిదా, నిన్నటిదా, ఎవరిదో చెప్పేవాళ్లు లేరు. లిఫ్టు గోతుల్లోకి పదంతస్తుల మీదనుంచి తొంగి చూసిన మనిషి, ఆ అంచు దగ్గర నేలమీద పడుకుని, పాక్కుంటూ వెళ్లి కిందికి చూశాడు. భార్య ఆయన మడమలు రెండు చేతులతో పట్టుకుంది.

కింద పొదలు. రాళ్లు. ఇంకా కింద, ఎండకు ఏదో తళుక్కుమంది.

"ఏముంది?" అంది ఆవిడ. "ఏముందండీ?"

ఆయన కళ్లకు ఆనలేదు. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. తళుక్కుమన్నది ట్యాంకు అంతే ఉంది. కళ్లు చికిలించి చూశాడు, ఇంకా చికిలించి చూశాడు. "నువ్వు చూడు" అన్నాడు చివరికి. అన్నప్పుడు తన బతుకులో ఇంతకంటే పిరికిమాట అనలేదనిపించింది.

ఆవిడ ఆయన పక్కన బోర్లా పడుకుంది. దూరం నుంచి అక్షరాలు సరిచూసే కళ్లు ఆవిడవి. చాలాసేపు చూసింది.

"రేకు" అంది. "తుప్పు పట్టిన రేకు. పాతది." ఆ తర్వాత మొహం మట్టిలో ఆనించి ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది.

ఏడో మలుపు చేరేసరికి ఆయన చేతులు స్కూటరు పిడులకు అతుక్కుపోయినట్టున్నాయి. రోడ్డు అక్కడ వెడల్పవుతుంది. గోడ పక్కన ఆకుపచ్చ మోటార్‌సైకిలు స్టాండు వేసి నిలబడి ఉంది. పిచ్చుక ఎండలో మెరుస్తోంది. తెల్ల హెల్మెట్టు సీటు మీద ఉంది.

చిట్టి లేదు.

బండి చుట్టూ తిరిగాడు. గోడ అవతలికి చూశాడు. "చిట్టీ!" అని పిలిచాడు. కొండ ఆ పిలుపును తిప్పి పంపింది. బండి ఇక్కడుంటే మనిషేది? ఎవరైనా ఆస్పత్రికి తీసుకుపోయారా? హెల్మెట్టు తీసి ఎవరు పెట్టారు? దాన్ని రెండు చేతులతో తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడైనా గీత పడిందేమోనని. ఆలోచన ఒక్కటీ మంచివైపు పోవడం లేదు.

"ఏంటి నాన్నా, నా హెల్మెట్టేం చేశావు?"

రోడ్డు అవతల పంక్చరు కొట్టులోంచి చిట్టి వస్తోంది. చేతిలో ఒక పాత స్పానరు. వెనకే కొట్టు మనిషి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

ఆయన రోడ్డు మధ్యలో కూలబడ్డాడు. నిజంగానే, కాళ్లు చాపుకుని, రోడ్డు మధ్యలో. తల్లి పరిగెత్తుకెళ్లి కూతుర్ని పట్టుకుని భుజాలు, మోచేతులు, మణికట్లు ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"నాకేం కాలేదమ్మా! పైన ఎవడో పిచ్చివాడు స్కూటరు మీద లారీని దాటుతుంటే ఇక్కణ్ణుంచి చూసి, వీడివాళ చచ్చాడే అనుకున్నా. నువ్వా నాన్నా అది?" నవ్వబోయి వాళ్ల మొహాలు చూసి ఆగిపోయింది. "మీకూ తెలిసిపోయిందా?"

"నీకెలా తెలిసింది?" అన్నాడాయన కిందనుంచే.

"పది నిమిషాలు ఇంజను చల్లారనివ్వమన్నావుగా. ఏం తోచక నీ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నా." చిట్టి బండి ముందు గొంతుక్కూర్చుని హ్యాండిలు బోల్టు మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇవి ఐదూ చూసి ఉలిక్కిపడ్డాను. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నాను, నీ చుక్క ఇంత గుండ్రంగా ఎప్పుడైనా వచ్చిందా? తోక లేదు, కారలేదు, మొత్తం నట్టు మీదే ముద్దుగా కూర్చుంది. ఇది అమ్మ చెయ్యి. అమ్మ చుక్క పెడితే మరి నాన్న బిగించాడా అని అనుమానం వచ్చింది. హ్యాండిలు పట్టుకుని గట్టిగా నొక్కితే..."

చేత్తో చూపించింది. హ్యాండిలు చిన్నగా మూలిగి ముందుకు వంగింది.

తర్వాతి మలుపు వైపు రోడ్డు ఉన్నపళంగా కిందికి దిగుతోంది. ఆ దిగుడు చూసి మేస్త్రికి అయిపోయిన భయం మళ్లీ మొదలైంది.

"నీకు ఫోను చేద్దామంటే ఇక్కడ సిగ్నలు లేదు. ఈ బోల్టుల సైజు స్పానరు వాళ్ల దగ్గర లేదు" అంది చిట్టి. "ఇది సరిపోతుందేమో చూద్దామని..."

ఆయన లేచాడు. నడుములోంచి బిగువు స్పానరు తీశాడు. ఒక్కో బోల్టుకూ తగిలించి లాగాడు. టక్. టక్. టక్. టక్. ఇరుసు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఐదోది లాగాడు. అది ఒకటిన్నర చుట్టు తిరిగాక గాని టక్కుమనలేదు. ఒకటిన్నర చుట్టు. ఆయన లెక్కపెట్టాడు, బయటికి మాత్రం అనలేదు. మిగతా నట్లను కూడా ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూశాడు, చుక్క ఉన్నవీ లేనివీ అని చూడకుండా.

భార్య స్కూటరు పెట్టెలోంచి గుడ్డ తీసి, టర్పెంటైనులో ముంచి, తను పెట్టిన ఐదు చుక్కల్నీ తుడిచేసింది. వార్నీషు కూడా లేచిపోయింది. గుడ్డ తగిలి ట్యాంకు మీది బంగారు గీత కొస చెదిరింది. ఆవిడ దాని వైపు చూడనైనా లేదు. పసుపు డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టి పక్కకు జరిగింది.

పంక్చరు కొట్టు మనిషి అగ్గిపెట్టె ఇచ్చాడు. మేస్త్రి ఒక పుల్ల తీసి భార్యకు అందించాడు.

"నువ్వే పెట్టు."

"నేనా? నా చేతికి మళ్లీ ఇస్తారా?"

"బిగిస్తుంటే చూశావు, టక్కుమనడం విన్నావు. అంతకంటే ఏం కావాలి? పొద్దున నేను చూడలేదు, వినలేదు. వట్టి రంగును నమ్మాను. తప్పు నీ ఒక్కదానిదే అనుకోకు. సగం నట్టు మీద, సగం ఇనుము మీద."

ఆవిడ పుల్ల రంగులో ముంచింది. హ్యాండిలు మీదికి వంగింది. నిచ్చెన చివర నిలబడి అడుగున్నర సున్నాలు చుట్టే చెయ్యి గాలిలో గజగజలాడుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. అయినా ఆగలేదు. పుల్ల కొస తగలగానే రంగు పక్కకు కారి, రెండు తోకలు వేసింది. రెండోది ఇంకా ఘోరం. ఐదోది పెట్టి లేచేసరికి ఆవిడ కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

చిట్టి వంగి ఐదింటినీ వరసగా చూసింది.

"అమ్మా, కాకిరెట్టల్లా ఉన్నాయే" అంది. హెల్మెట్టు అందుకుంది. "ఇక నేను వెళ్లొచ్చు."